మహాకాయులను కూల్చే ఖడ్గం ట్రోల్‌పై పనిచేస్తుందా?

ప్రశ్న (విజయవాడ): ఆదివారాలు మా డాబా మీద ఆడుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కల్పిత వీరుల పాత్రలు పోషించే ఆట), 2014 నాటి ఐదవ కూర్పులో, నా యోధునికి ‘జెయింట్ స్లేయర్’ ఖడ్గం దక్కింది. ఇది ఆ ఆటలోని రాక్షసజీవి ట్రోల్‌ మీద కూడా పనిచేస్తుందా అండి?

జవాబు (గుంటూరు): పనిచేస్తుందండి, ట్రోల్, రెండు తలల ఎట్టిన్ కూడా మహాకాయుల కిందికే వస్తాయి. దెబ్బ తగిలితే రెండు ఆరుముఖాల పాచికలు ఎంత పడితే అంత అదనపు గాయమవడమే కాక, పాచిక వేసి చేసే బలపరీక్షలో కనీసం 15 రాకపోతే శత్రువు నేలకూలుతాడు. నా దృష్టిలో గాయం కన్నా ఆ పడిపోవడమే విలువైనది, ఎందుకంటే 5 అడుగుల లోపు ఉన్నవారందరికీ అతణ్ణి కొట్టడం సులువవుతుంది. దూరం నుంచి బాణం వేసేవారికి మాత్రం కష్టమే.

జవాబు (విజయవాడ): ట్రోల్ గాయాలు వాటంతటవే మానిపోతాయి కనుక నిప్పో ఆమ్లమో సిద్ధంగా ఉంచుకోండి. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకొనే ఇంద్రకీలాద్రి ఉన్న ఊళ్లో, మీకు ఆయుధం పాచికలతోనే దొరికిందన్నమాట!