గుమ్మడి వడియాలు నడుమ గట్టిగా ఉండిపోతున్నాయి, ఎందుకు?
ఈ వేసవిలో మా వీధిలో నాలుగిళ్లవాళ్లం కలిసి, చిన్నప్పటిలాగే మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాం. 5 కిలోల బూడిద గుమ్మడికాయకు కిలో పొట్టు మినప్పప్పు. సన్నగా తరిగిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా పైన బరువుగా పొత్రం (రుబ్బురోటి రాయి) పెడతాం. పప్పు గట్టిగా రుబ్బి, ఆ పిండిలో ఈ ముక్కలు, పచ్చిమిర్చి, అల్లం, ఇంగువ కలిపి తడి పంచె మీద పెడతాం. మర్నాడు పంచె వెనక నీళ్లు చిలకరిస్తే చక్కగా ఊడొస్తాయి. తిరగేసి మళ్లీ ఎండబెడతాం.

మూడెండలకి గలగలమంటాయి గానీ, వేయిస్తే పైన ఎర్రబడి నడుమ రాయిలా ఉంటున్నాయి. పిండి గ్రైండర్‌లో వేడెక్కి పొంగు పోతోందా? ముక్కల్లో తడి మిగులుతోందా? ప్లాస్టిక్ షీటు మీద పెట్టమంటున్నారు కొందరు. అడుగున చెమ్మ పట్టి బూజొస్తుందని నా అనుమానం. ఏటా పెట్టేవాళ్లు కాస్త చెప్పరూ? ఇంకా రెండు కాయలున్నాయి.