మా ఊరి అంగన్‌వాడీకి ఊళ్ళోవాళ్ళం ఏం చెయ్యొచ్చు?

పల్నాడు_నాన్న:
మా పాపకి మూడేళ్ళు నిండాయండి. మా వీధిలో అందరూ పిల్లలు ఏడుస్తున్నా సరే పొద్దున్నే వ్యాన్ ఎక్కించి టౌన్లో నర్సరీకి పంపేస్తున్నారు, మా ఆవిడకీ నాకూ అది ఇష్టం లేక ఊళ్ళోనే అంగన్‌వాడీకి పంపుతున్నాం. టీచరమ్మ మంచావిడే, కానీ రిజిస్టర్లు, ఫోన్లో ఎంట్రీలు, గర్భిణులకి సరుకులు, వీటితోనే మధ్యాహ్నం అయిపోద్ది. పిల్లలు అన్నం, గుడ్డు తిని కాసేపు పడుకుని వచ్చేస్తున్నారు. నాలుగైదు కుటుంబాలం కలిసి ఏదన్నా చేద్దామనుకుంటున్నాం. చందాలేసి గోడలకి రంగులేయించి బొమ్మలు కొంటే సరిపోద్దా?

సిద్దిపేట_టీచర్:
నేను గూడ అంగన్‌వాడీ టీచర్‌నే అన్నా. మీ పాపను పంపుడే మాకు పెద్ద సాయం. రంగులు తర్వాత చూస్కోవచ్చు, ముందుగాల మనిషి కావాలె. 1975ల ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే సర్కారు పథకం) మొదలైన కాడికెళ్ళి ఇందుల ఆరు పనులున్నయి, పౌష్టికాహారం, టీకాలు, హెల్త్ చెకప్, దవాఖానకు పంపుడు, తల్లులకు చెప్పుడు, వీటితోని పాటు ప్రీస్కూల్. సరుకులు, ఎంట్రీలు ఆపుదామంటే ఆగయి, ఎన్కకు పడేది ఎప్పుడూ పిల్లల ఆటపాటే. మా ఊర్ల ఒక అవ్వ రోజూ వచ్చి గంటసేపు కూసుంటది, పొడుపుకథలు అడుగుతది, మొక్కజొన్న బెండ్లు ముందర పోసి లెక్కవెట్టిస్తది, సంతకు పోయిన ముచ్చట చెప్పి మధ్యల ఆపి తర్వాత ఏమైందిరా అంటది, ఇగ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్తరు. ఆ గంటల నా రాత పని అయితది, తర్వాత నేను పిల్లల దగ్గరే ఉంట. చింతగింజలు, గోళీలు మాత్రం ఇయ్యొద్దు, నోట్లె వెట్టుకుంటరు.

రిటైర్డ్_మాస్టారు:
ఒక్క మాట బాబూ. మూడేళ్ళకే అ ఆలు దిద్దించమని టీచర్ని తొందరపెట్టకండి, 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ వయసుకి ఆటలతోనే నేర్పమంది. ఒకటో తరగతిలో నేను చూసినంతవరకు ఇంట్లో బాగా కబుర్లు విన్న పిల్లలు తొందరగా చదువందుకునేవాళ్ళు. ఇంకోటి, నెలనెలా బరువు చూసినప్పుడు తల్లులు పక్కనుండి చార్టు చూపించమని అడగాలి. జబ్బ కొలిచే టేపు 12.5 సెంటీమీటర్లకి తక్కువ చూపిస్తే (ఆరు నెలలు దాటి అయిదేళ్ళలోపు పిల్లలకి ఈ లెక్క) ఊళ్ళోకొచ్చే నర్సమ్మకి, అదే ఏఎన్ఎమ్‌కి చెప్పాలి, 11.5 కూడా లేకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

పల్నాడు_నాన్న:
మా అమ్మకి బోలెడు కథలొచ్చు, ఇంట్లో ఖాళీగానే ఉంటది, అడుగుతా. పర్మిషన్ ఏమన్నా తీసుకోవాలా అక్కా? ఇంకోటి, మా పక్కింటి బాబుకి మూడేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి మాట్లాడట్లేదు, వాళ్ళేమో మగపిల్లలకి మాటలు లేటుగా వస్తాయిలే అంటున్నారు.

సిద్దిపేట_టీచర్:
మీ టీచరమ్మకు చెప్పి, ఆమెతోని సూపర్‌వైజర్ మేడమ్ చెవిన ఏయించుండ్రి. వారంల ఎవరు ఏ రోజు వస్తరో ముందే అనుకోండ్రి, అందరు ఒక్కరోజే వచ్చి మిగతా రోజులు రాకుంటే ఏం ఫాయిదా లేదు. ఆ బాబు సంగతి మాత్రం ఆగొద్దు అన్నా, ముందుగాల చెవులు వినవడుతున్నయో లేదో చూపియ్యాలె. ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) డాక్టర్ల టీమ్ అంగన్‌వాడీలకు వస్తది, ఎప్పుడొస్తరో మీ టీచర్‌ని అడుగుండ్రి, లేటైతదంటే వాళ్ళ కోసం చూడకుండ్రి, పీహెచ్‌సీకి తీస్కపోయి, ఇసొంటి పిల్లలను చూసే జిల్లా సెంటర్‌కు పంపమని చీటీ రాయించుకోండ్రి.