అప్‌డేట్: వాదీ రమ్‌లో గుడారం బస, ఖజాలీ రాతి చెక్కడాలు

జనవరిలో జోర్డాన్‌లోని వాదీ రమ్ రక్షిత ఎడారిలో అమ్మానాన్నలతో గుడారంలో ఉండవచ్చా, రాతి బొమ్మల కోసం ఎక్కువ దూరం నడవాలా అని అడిగాను. ఇప్పుడు టెక్కలికి తిరిగి వచ్చాం. రాత్రి చలి గట్టిగా ఉంటుందని మీరు చెప్పింది అక్షరాలా నిజం: అరకు కోసం కొన్న స్వెట్టర్లు చాలక, బెదూయిన్లు (అక్కడి ఎడారి తెగవారు) ఇచ్చిన బరువైన కంబళ్లతోనే రాత్రి గడిచింది.

ఖజాలీ ఇరుకు లోయ ముఖం దాకా జీపు వెళ్తుంది, కాబట్టి శాలిహుండం కొండ ఎక్కగలిగిన వారికి ఇది కష్టమే కాదు. లోపలి గోడలపై మనుషులు, జంతువులు, పాదముద్రలు, తమూదిక్ అనే ప్రాచీన అరేబియా లిపిలో రాతలు ఉన్నాయి. ఇలాంటి చెక్కడాలు సుమారు 25,000, శాసనాలు 20,000 ఉన్న ఈ ప్రాంతాన్ని యునెస్కో 2011లో ప్రకృతి, సంస్కృతి రెండింటికీ గాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతటి గోడ మీద కూడా ఎవరో తమ పేర్లు గీకడం చూసి నాన్నగారికి ఒళ్లు మండింది.