200 లీటర్ల బయోరియాక్టర్‌లో 9వ రోజుకే వయబిలిటీ (బతికున్న కణాల శాతం) ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న:
హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో, యాంటీబాడీలు తయారుచేసే ఒక విభాగంలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. సీహెచ్‌ఓ కణాలను (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి వచ్చినవి) ఫెడ్-బ్యాచ్ పద్ధతిలో, అంటే మధ్యమధ్యలో పోషకాలు (ఫీడ్) చేరుస్తూ, 14 రోజులు పెంచుతాం. 3 లీటర్ల గాజు రియాక్టర్‌లో 12వ రోజు దాకా వయబిలిటీ 90 శాతానికి తగ్గదు. అదే క్లోన్‌ను అదే మీడియాతో (పోషక ద్రవంతో), అదే ఫీడ్‌తో 200 లీటర్లకు తీసుకువెళ్తే 9వ రోజుకే 75 శాతానికి దిగిపోతోంది. ఉష్ణోగ్రత 36.5 డిగ్రీలు, పీహెచ్ 7.0, కరిగిన ఆక్సిజన్ 40 శాతం. ఈ మూడూ చివరిదాకా నిలకడగానే ఉంటున్నాయి. కణాలు వదిలే ల్యాక్టేట్ (ఆమ్లత్వాన్ని పెంచే పదార్థం) కూడా పెరగలేదు. కనిపించిన తేడా ఒక్కటే: 6వ రోజు తర్వాత, పీహెచ్ దిగినప్పుడు క్షారం పోసే పంపు మాటిమాటికీ తిరుగుతోంది. ఇంపెల్లర్ (ద్రవాన్ని కలిపే రెక్కలు) తాకిడికి కణాలు చితికిపోతున్నాయని మా దగ్గర అందరి అభిప్రాయం. వేగం తగ్గించి చూశాం, ఫలితం మారలేదు. దయచేసి అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీరు చివర్లో చెప్పిన క్షారం సంగతే ఇక్కడ అసలు ఆధారమని నా అభిప్రాయం. ల్యాక్టేట్ పెరగకుండానే క్షారం అవసరమవుతోందంటే, ఆమ్లత్వం కణాలు వదిలే కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తున్నదని అనుమానించాలి. చిన్న పాత్రలో ద్రవ పరిమాణంతో పోలిస్తే పైతలం ఎక్కువ కాబట్టి ఆ వాయువు సులువుగా బయటికి పోతుంది. 200 లీటర్లకు వచ్చేసరికి ఆ నిష్పత్తి బాగా తగ్గి, దాన్ని బయటికి మోసే భారమంతా బుడగల మీదే పడుతుంది. మీ స్పార్జర్ (ద్రవంలోకి వాయు బుడగలు వదిలే పరికరం) సన్న రంధ్రాలదైతే చిక్కు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే సన్నని బుడగలు ఆక్సిజన్‌ను చక్కగా అందిస్తాయి గానీ, కొద్ది దూరం పైకి లేచేలోపే కార్బన్ డయాక్సైడ్‌తో నిండిపోయి, ఆపైన ఇక దేన్నీ మోయలేవు. పైగా ఆక్సిజన్ బాగా కరుగుతున్నందున కంట్రోలర్ మొత్తం వాయు ప్రవాహాన్ని తగ్గిస్తుంది. వాయువు లోపలే పేరుకుంటుంది, పీహెచ్ దిగుతుంది, క్షారం పడుతుంది, దానితో ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగిన లవణాలు మొదలైనవాటి గాఢత) పెరుగుతుంది. మీరు వాడేది సోడియం కార్బొనేట్ అయితే అందులోని కార్బొనేట్ కూడా ఆ ద్రవంలోనే చేరి విషవలయాన్ని బిగిస్తుంది. తెర మీద పీహెచ్ 7.0 నిలకడగా కనిపించడం ఈ మార్పులన్నిటినీ కప్పిపుచ్చుతుంది.

ఇంపెల్లర్ గురించి ఒక మాట. ప్లూరోనిక్ (కణాలను బుడగల దెబ్బ నుంచి కాపాడే పదార్థం) ఉన్న మీడియాలో మామూలు వేగానికి కణాలు అంత తేలిగ్గా చితకవు. అసలు హాని ఎక్కువగా ద్రవం పైభాగాన బుడగలు పగిలే చోట జరుగుతుంది. కాబట్టి ముందుగా కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని, ఆస్మోలాలిటీని 5వ రోజు నుంచి రోజూ కొలిపించండి. పీడనం 150 మిల్లీమీటర్ల పాదరసం దాటితే కణాల పెరుగుదల దెబ్బతింటుంది.

రెండో సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే శాంపిల్‌ను మూత లేని ట్యూబులో పట్టుకొని పక్క గదికి నడిచి వెళ్లేలోపే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అప్పుడు పీడనం తక్కువగానూ పీహెచ్ ఎక్కువగానూ చూపిస్తుంది. మేము ఒకసారి అలాంటి అంకెను నమ్మి ప్రోబ్‌ను సరిచేసి, అసలు పీహెచ్‌ను రెండు రోజులపాటు 6.9 దగ్గర నడిపాం. సిరంజిలో గాలి లేకుండా తీసుకొని, వెంటనే బ్లడ్ గ్యాస్ ఎనలైజర్‌లో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొత్త బ్యాచ్‌లో 8వ రోజున మీరు చెప్పినట్టే సిరంజిలో తీసి కొలిచాం: కార్బన్ డయాక్సైడ్ పీడనం 170 మిల్లీమీటర్ల పాదరసం, ఆస్మోలాలిటీ కిలోకు 430 మిల్లీఆస్మోల్‌లు. స్పార్జర్ సన్న రంధ్రాలదేనని కూడా నిర్ధారించుకున్నాను. తర్వాతి బ్యాచ్‌లో పెద్ద రంధ్రాల స్పార్జర్‌తో గాలిని అదనంగా పంపాలని నిర్ణయించాం.

మొదటి సమాధానమిచ్చినవారు:
గాలి పెంచితే నురగ కూడా పెరుగుతుంది. యాంటీఫోమ్‌ను (నురగను అణచే ద్రవాన్ని) ఒకేసారి ఎక్కువగా వేయకండి, అది ఆక్సిజన్ కరిగే వేగాన్ని తగ్గిస్తుంది; కొద్దికొద్దిగా, నురగ పైకి లేచినప్పుడే వేయించండి.