బ్యాచ్ ఫైలు షేర్‌లో నుంచే నడపాలా, ప్రతి సిస్టమ్‌లోకీ కాపీ చేసి నడపాలా?

మిర్చియార్డ్_సిస్టమ్స్ (గుంటూరు):
కమీషన్ కొట్టు ఆఫీసు. 14 సిస్టమ్‌లు, డొమైన్ లేదు, వర్క్‌గ్రూపే (యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఏ సిస్టమ్‌వి ఆ సిస్టమ్‌లోనే). విండోస్ 11 ప్రో ఉన్న ఒక సిస్టమ్‌నే సర్వర్‌గా పెట్టారు. రాత్రి పూట ఒక బ్యాచ్ ఫైలు (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) అన్ని సిస్టమ్‌ల నుంచీ తూకాల ఫైళ్లు సర్వర్‌లోకి చేర్చి, పాత టెంప్ ఫైళ్లు తీసేయాలి. షేర్‌లోకి (సర్వర్‌లో అన్ని సిస్టమ్‌లకూ తెరిచి ఉంచిన ఫోల్డర్) వెళ్లి డబుల్ క్లిక్ చేస్తే "యూఎన్‌సీ పాత్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని వచ్చి సగం కమాండ్లు ఫైలు దొరకలేదంటాయి. షేర్‌కు డ్రైవ్ అక్షరం ఇచ్చి జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేస్తే డబుల్ క్లిక్‌తో నడుస్తుంది, టాస్క్ షెడ్యూలర్‌లో (పెట్టిన టైముకు తానే నడిపే విండోస్ టూల్) మాత్రం నడవదు. అన్నిట్లోకీ కాపీ చేసెయ్యమని కొందరి సలహా. ఒక్క చోటే ఉంచాలని నా అభిప్రాయం.

గవర్నర్‌పేట_నెట్ (విజయవాడ):
షేర్‌లోనే ఉంచండి. ఆ మెసేజ్‌లో రెండో వాక్యం కూడా చదవాలి: "డిఫాల్టింగ్ టు విండోస్ డైరెక్టరీ". యూఎన్‌సీ అంటే సర్వర్ పేరుతో మొదలయ్యే నెట్‌వర్క్ పాత్. దాన్ని సీఎండీ (బ్యాచ్ ఫైలును నడిపే విండోస్ ప్రోగ్రామ్) కరెంట్ ఫోల్డర్‌గా తీసుకోదు, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో నిలబడి మిగతా లైన్లు నడిపేస్తుంది. అడ్మిన్ హక్కులుంటే టెంప్ ఫైళ్లు తీసే మీ "డెల్" లైను అక్కడే పనిచేస్తుంది! ముందు దాన్ని ఆపండి.

మొదటి లైన్లలోనే ఇది రాయండి: పుష్‌డీ "%~డీపీ0" || ఎగ్జిట్ /బీ 1. %~డీపీ0 అంటే ఆ బ్యాచ్ ఫైలు ఉన్న ఫోల్డరు. పుష్‌డీ ఆ షేర్‌కు జెడ్ నుంచి వెనక్కి ఖాళీగా ఉన్న డ్రైవ్ అక్షరం తాత్కాలికంగా ఇచ్చి లోపలికి తీసుకెళ్తుంది. కుదరకపోతే ఎగ్జిట్ అక్కడే ఆపేస్తుంది. చివర్లో పాప్‌డీ (ఆ అక్షరాన్ని వదిలేసే కమాండ్) తప్పనిసరి. అది రాకుండా స్క్రిప్టు ఆగితే ఆ డ్రైవ్ అలాగే ఉండిపోతుంది, తర్వాతిసారి వై, ఆ తర్వాత ఎక్స్, ఇలా అక్షరాలు తినేస్తూ పోతుంది.

బెంజ్‌సర్కిల్_అడ్మిన్ (విజయవాడ):
గవర్నర్‌పేట గారూ, పుష్‌డీతో పాత్ గొడవ మాత్రమే తీరుతుంది. సీఎండీ బ్యాచ్ ఫైలును ఒక్కసారిగా మెమరీలోకి తెచ్చుకోదు. ఒక లైను నడిపి, తర్వాతి లైను కోసం మళ్లీ ఫైలు దగ్గరికే వెళ్తుంది. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్‌కి కరెంటు పోతే అక్కడితో సరి: సగం ఫైళ్లు వెళ్లి సగం మిగిలిపోతాయి. అంతకన్నా ప్రమాదం, స్క్రిప్టు నడుస్తుండగా ఎవరైనా షేర్‌లో దాన్ని ఎడిట్ చేసి సేవ్ చేయడం. సీఎండీ గుర్తుపెట్టుకునేది ఎన్నో బైటు దగ్గర ఆగిందో మాత్రమే. పైన పది అక్షరాలు పెరిగితే ఏదో కమాండ్ మధ్యలోంచి చదవడం మొదలుపెడుతుంది. డిలీట్ కమాండ్లున్న స్క్రిప్టును షేర్ నుంచి నడపడం నేను ఒప్పుకోను.

గవర్నర్‌పేట_నెట్:
దానికీ దారి ఉంది. బ్రాకెట్ల మధ్య పెట్టిన బ్లాకును సీఎండీ మొత్తం చదివాకే నడుపుతుంది. పనంతా ఒకే బ్లాకులో పెట్టి లోపలే ఎగ్జిట్ /బీ రాస్తే చాలు. డొమైన్ ఉన్న చోట లాగాన్ స్క్రిప్టులు (లాగిన్ అవగానే నడిచేవి) డొమైన్ సర్వర్‌లోని నెట్‌లాగాన్ షేర్ నుంచే నడుస్తాయి కదండీ. 14 కాపీలు పెడితే నెల తిరిగేసరికి ఏ సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో ఎవరికీ తెలియదు.

బెంజ్‌సర్కిల్_అడ్మిన్:
బ్లాకులో పెడితే వేరియబుల్స్ అన్నీ మొదట్లోనే విలువ తీసేసుకుంటాయి, డిలేడ్ ఎక్స్‌పాన్షన్ (లైను నడిచేటప్పుడే విలువ తీసుకునే పద్ధతి) పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఫైలు పేరులో ఆశ్చర్యార్థకం ఉంటే అది మాయమవుతుంది. లాగాన్ స్క్రిప్టులు చిన్నవి, ఇది రాత్రంతా నడిచే పని.

వెర్షన్ల భయానికి మందు ఇదీ: అసలు స్క్రిప్టు షేర్‌లో ఒక్కటే. ప్రతి సిస్టమ్‌లో అయిదారు లైన్ల లాంచర్. అది రోబోకాపీతో (విండోస్‌లోని కాపీ కమాండ్) షేర్ నుంచి తాజా స్క్రిప్టు తెచ్చుకుని లోకల్ కాపీని "కాల్"తో నడుపుతుంది. ఈ మూడూ మరిచిపోవద్దు.

/ఆర్:2 /డబ్ల్యూ:5 (మళ్లీ రెండు సార్లే, అయిదేసి సెకన్లు ఆగి) ఇవ్వాలి. ఇవ్వకపోతే రోబోకాపీ డిఫాల్ట్‌గా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. ఫైలు లాక్ అయి ఉంటే తెల్లారినా అక్కడే ఉంటుంది.

ఎర్రర్‌లెవెల్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) 1 వస్తే ఫెయిల్ అనుకోకండి, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయనే. 8, ఆపైన వస్తేనే తప్పు.

%~డీపీ0 చివర బ్యాక్‌స్లాష్ ఉంటుంది. దాని పక్కనే కొటేషన్ వస్తే రోబోకాపీ ఆ కొటేషన్‌ను పాత్‌లో భాగం అనుకుంటుంది. "%~డీపీ0." అని చివర చుక్క పెట్టండి.

అరండల్‌పేట_సర్వర్ (గుంటూరు):
మీ ఇద్దరి వాదనలో అసలు టాస్క్ షెడ్యూలర్ సంగతి పక్కకు పోయింది. మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ లాగాన్ సెషన్‌కే సొంతం. రాత్రి టాస్క్ వేరే సెషన్‌లో నడుస్తుంది, దానికి జెడ్ లేదు. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌లోనూ ఇదే కారణం. కాబట్టి ఎవరి పద్ధతి పాటించినా స్క్రిప్టులో డ్రైవ్ అక్షరం వద్దు, పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయాలి.

"సిస్టమ్" అనే విండోస్ సొంత అకౌంట్‌తో టాస్క్ పెట్టారేమో చూడండి. వర్క్‌గ్రూపులో సర్వర్ ఆ అకౌంట్‌ను గుర్తుపట్టదు, యాక్సెస్ డినైడ్ ఖాయం. సర్వర్‌లోనూ 14 సిస్టమ్‌లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో మామూలు యూజర్‌ను చేసి టాస్క్ ఆ పేరుతో పెట్టండి. "డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్" టిక్ ఉంటే తీసేయండి, అది ఉంటే టాస్క్ లోకల్ ఫైళ్లను మాత్రమే ముట్టుకోగలదు.

గవర్నర్‌పేట_నెట్:
లాంచర్ పద్ధతికి ఒప్పుకుంటాను, కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. సర్వర్ దొరకనప్పుడు నిన్నటి కాపీతో నడపాలా, ఆగాలా? బ్యాకప్ అయితే నడపొచ్చు. డిలీట్ ఉంటే ఆగాల్సిందే. లాంచర్‌లో ఎర్రర్‌లెవెల్ 8, ఆపైన వస్తే ఎగ్జిట్ అని పెట్టకపోతే మీ పద్ధతి నా పద్ధతికన్నా ప్రమాదం.

ఇంకొకటి, స్క్రిప్టు ఫోల్డర్‌లో "ఎవ్రీవన్"కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తుంటారు. అక్కడ రాయగలిగినవాడు 14 సిస్టమ్‌లలో ఏ కమాండైనా నడపగలడు. ఆ ఫోల్డర్‌కు రీడ్ మాత్రమే ఇవ్వండి. తూకాల ఫైళ్లు పడే ఫోల్డర్ వేరుగా పెట్టి, రాసే హక్కు దానికే ఇవ్వండి.

మిర్చియార్డ్_సిస్టమ్స్:
టాస్క్ సిస్టమ్ అకౌంట్‌తోనే ఉంది. లాంచర్ పద్ధతే పెడతాను. లాగ్ (ఏం జరిగిందో రాసుకునే ఫైలు) మాత్రం షేర్‌లో ఒకే ఫైలులోకి రాయొచ్చా?

అరండల్‌పేట_సర్వర్:
వద్దండీ. ఒకే ఫైలుకు రెండు సిస్టమ్‌లు ఒకేసారి రాయబోతే రెండోదానికి ఫైలు వాడకంలో ఉందనే ఎర్రర్ వస్తుంది, ఆ కమాండే నడవదు. లాగ్ పేరులో %కంప్యూటర్‌నేమ్% పెట్టి లోకల్‌గా రాసి, చివర్లో షేర్‌కు కాపీ చేయండి. పేరులో %డేట్% వాడేముందు ప్రతి సిస్టమ్‌లో తేదీ ఫార్మాట్ చూడండి, స్లాష్ ఉంటే ఫైలు తయారవదు. విండోస్ 11 ప్రో సర్వర్ ఒకేసారి 20 కనెక్షన్లే తీసుకుంటుంది, జాగ్రత్తకి 14 టాస్కులనూ రెండేసి నిమిషాల తేడాతో మొదలుపెట్టండి.