గేర్లు లేని సైకిలుకు హబ్ మోటారా, మిడ్ డ్రైవా?

మారతహళ్లి నుంచి:
మా నాన్నగారి పాత స్టీలు సైకిలుకు మోటారు బిగించాలనుకుంటున్నాను. గేర్లు లేవు, 26 అంగుళాల చక్రాలు. ఇందిరానగర్ ఆఫీసుకు రానూపోనూ ఇరవై కిలోమీటర్ల లోపే. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఇప్పటికే కొన్నాను. 250 వాట్ల హబ్ మోటారు సరిపోతుందా, మిడ్ డ్రైవే పెట్టాలా?

హెబ్బాళ నుంచి:
మిడ్ డ్రైవ్ పెట్టండి. బెంగళూరు నిండా మిట్టపల్లాలే. హబ్ మోటారు చక్రంలోనే ఉంటుంది కాబట్టి మిట్ట మీద చక్రం నెమ్మదిస్తే మోటారూ నెమ్మదిస్తుంది, కరెంటంతా వేడిగా పోతుంది. మిడ్ డ్రైవ్ పెడళ్ల దగ్గర ఉంటుంది. మనం గేరు తగ్గిస్తే దానికీ భారం తగ్గుతుంది. దానితో నంది కొండ ఎన్నోసార్లు ఎక్కాను.

బసవనగుడి నుంచి:
హెబ్బాళ మిత్రులు చెప్పిన సూత్రం నిజమే. కానీ ఈ సైకిలుకు మార్చడానికి గేర్లే లేవు కదండీ! అప్పుడు మిడ్ డ్రైవ్ వల్ల మిగిలేది చైను అరుగుదలే, ఎందుకంటే మోటారు బలమంతా చైను మీదుగానే వెళ్లాలి.

లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిలు, బ్యాటరీ కలిపి 100 కిలోలు. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే రోడ్డును గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 204 వాట్లు, గాలికీ టైర్లకూ మరో 30. మీరు తొక్కి 75 వాట్లు ఇస్తే మోటారుకు మిగిలేది 160. మామూలు ఫ్లైఓవర్లకు 250 వాట్లు చాలు. నంది కొండ సంగతి వేరు, అక్కడ నేనూ మిడ్ డ్రైవే అంటాను.

హబ్‌లలోనూ గేర్డ్ హబ్ తీసుకోండి. లోపలి పళ్లచక్రాల వల్ల మోటారు చక్రం కంటే దాదాపు ఐదు రెట్లు వేగంగా తిరుగుతుంది కనుక, మిట్ట మీద వేడి బాధ తక్కువ. లోపల పళ్లచక్రాలు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్ బరువెక్కువ, బ్యాటరీ అయిపోతే తొక్కడం కష్టం.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను: టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప పట్టీ) లేకుండా బిగించవద్దు. చక్రాన్ని ముందుకు తోసే బలమే ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. మా తమ్ముడు ముందు చక్రంలో మోటారు పెట్టుకున్నాడు. ఇరుసు ఫోర్కు గాడిలోంచి జారి, చక్రం ఊడి పడ్డాడు. మోచేతికి పదకొండు కుట్లు. వెనక చక్రంలోనే పెట్టండి.

హెబ్బాళ నుంచి:
గేర్లు లేవన్నది గమనించలేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే వెనక హబ్ ఉంటే పంక్చరు పడినప్పుడు అవస్థే. నట్లు, టార్క్ ఆర్మ్, వైరు కనెక్టరు అన్నీ విప్పాలి.

బసవనగుడి నుంచి:
చక్రం విప్పకుండానే టైరును ఒక పక్క రిమ్ము నుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి అతుకు వేయవచ్చు. ట్యూబే మార్చాల్సి వస్తే మీరన్నది నిజం, అరగంట పని. మారతహళ్లి గారూ, కొనే ముందు వెనక ఫోర్కు లోపలి వెడల్పు కొలవండి. ఈ హబ్‌లు చాలావరకు 135 మిల్లీమీటర్లకు చేసినవి.

మారతహళ్లి నుంచి:
ఇప్పుడే కొలిచాను, 120 ఉంది.

బసవనగుడి నుంచి:
స్టీలు కాబట్టి వెడల్పు చేయవచ్చు; అల్యూమినియం అయితే వద్దనేవాణ్ని. అనుభవమున్న మెకానిక్ చేత రెండు పక్కలా సమానంగా సాగదీయించండి. చైను వరస తప్పిందేమో, అంటే ముందూ వెనకా పళ్లచక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే మోటారుకు డబ్బు కట్టండి.