అప్‌డేట్: డొమైన్ సమస్య తీరింది, అడ్డుపడింది ఏఏఏఏ రికార్డు

మంగళగిరిలో మా అక్క నడిపే చీరల షాపు సైటు ఫోన్ డేటాలో రావడం లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. డొమైన్ (సైటు పేరు) ఒక కంపెనీలో, హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్) ఇంకో కంపెనీలో. డొమైన్‌ను సర్వర్ ఐపీవీ4 అడ్రసుకు కలిపే ‘ఏ’ (A) రికార్డులో హోస్టింగ్ ఐపీ పెట్టాక ఇంట్లో వైఫైలో సైటు బాగానే వచ్చేది, ఫోన్ డేటాలో మాత్రం పాత పార్కింగ్ పేజీ, అంటే సైటు పెట్టకముందు డొమైన్ కంపెనీ చూపించే పేజీ. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైటు https తో తెరుచుకోవడానికి కావాల్సింది) కూడా రాలేదు.

ఇంకో రెండు రోజులు ఆగమన్నవాళ్లే ఎక్కువ. కానీ టీటీఎల్ (పాత రికార్డును మిగతా సర్వర్లు గుర్తుంచుకునే గడువు) 3600 సెకన్లు, అంటే గంట. అది ఎప్పుడో దాటిపోయింది. ఒకరు మాత్రం ఏఏఏఏ (AAAA) రికార్డు, అంటే కొత్త తరహా ఐపీవీ6 అడ్రసు పెట్టే రికార్డు ఉందేమో చూడమన్నారు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలి. డొమైన్ రికార్డులుండే డీఎన్ఎస్ పేజీలో కిందికి వెళ్తే ఉంది: డొమైన్ కొన్నప్పుడు కంపెనీవాళ్లే పెట్టిన పార్కింగ్ సర్వర్ ఐపీవీ6 అడ్రసు. మా వైఫైలో ఐపీవీ4 మాత్రమే, అందుకే తేడా తెలియలేదు. మొబైల్ డేటాలో ఐపీవీ6 ఉంటుంది, ఫోన్ మామూలుగా ముందు దాన్నే పట్టుకుంటుంది. ఉచితంగా సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా అంతే, ఏఏఏఏ కనిపిస్తే ముందు అక్కడికే వెళ్లి చెక్ చేస్తుంది. సర్టిఫికెట్ ఫెయిలవక ఏమవుతుంది!

మా హోస్టింగ్ ప్లాన్‌లో ఐపీవీ6 లేదు కాబట్టి ఆ రికార్డు తీసేశాను. గంట తర్వాత ఫోన్లో సైటు వచ్చింది, సర్టిఫికెట్ కూడా.

నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) మార్చెయ్యమన్న సలహా మాత్రం పాటించలేదు. అక్కకు ఆర్డర్లు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాత చోటే ఉన్నాయి. వాటిని ముందుగా కొత్త చోట పెట్టకపోతే మెయిల్ ఆగిపోయేది. ఆ సలహా ఇచ్చేముందు మెయిల్ ఎక్కడుందో అడగండి, దయచేసి.